తోలే బండి, బాడుగ బండి: కర్నూలు, కడప ప్రాంతాల్లో కారు ఎంపిక – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాయలసీమ కారును తెలుగు సినిమా ముఠాకక్షల చిహ్నంగా స్థిరపరచింది. ఆ ప్రాంతపు సాధారణ వాహనదారులు బండిని ఏ ప్రమాణాలతో ఎంచుకున్నారు, ఎలా కొన్నారు, ఎలా నిలుపుకున్నారు అన్న విషయానికి తగినంత పరిశీలన దక్కలేదు. వాడుకలోని మాటలు, మోటారు వాహన చట్టాలు, ఒక సుప్రీంకోర్టు తీర్పు, గల్ఫ్ వలసలు, వరదలు అనే ఆధారాల నుంచి ఆ ప్రమాణాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రాయలసీమ, బండి, బాడుగ, జీపు, అంబాసిడర్, సుమో, కువైట్ వలస, పాత బండ్ల బేరం.

1. ప్రస్తావన

రాయలసీమ అనగానే తెలుగు ప్రేక్షకుడికి స్ఫురించే దృశ్యాల్లో వరుసగా దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలు ఒకటి. సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002), ఆది (2002) వంటి చిత్రాల ధోరణి ఈ దృశ్యాన్ని ఎంతగా పాతుకుపోయేలా చేసిందంటే, ఒక వాహనం పేరు ఒక ప్రాంతపు స్వభావానికి పర్యాయపదంగా మారింది. నిజానికి 1994లో మార్కెట్లోకి వచ్చిన ఆ బండికి జపాను మల్లయోధులతో సంబంధం లేదు. టాటా సంస్థ లారీల తయారీకి పునాది వేసిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోని తొలి అక్షరాలను కలిపి దానికి ఆ పేరు పెట్టారు.

సినిమా చూపిన సుమోలో కత్తులు ఉంటాయి. కర్నూలు, కడప జిల్లాల రహదారుల మీద తిరిగిన సుమోలో పెళ్ళివారు, తిరుపతి యాత్రికులు, పురిటికి పోయే ఆడపడుచు, మిరపకాయల అమ్మకానికి గుంటూరు వెళ్ళి వచ్చే రైతులు ఉంటారు. ఎదురెదురు బెంచీలతో పదిమంది దాకా పట్టే చోటు, డీజిల్ ఇంజను, గతుకులకు తట్టుకునే చట్రం ఉన్నందువల్ల ఆ బండిని కొన్నారు. ముఠానాయకులు కూడా దానినే కొన్నారన్నది నిజమే. వారు కొనడానికి గల కారణాలు సైతం చాలావరకు ఇవే. ఒక ప్రాంతంలో అందరికీ పనికివచ్చిన వస్తువు కొందరి గుర్తుగా ఎలా మారిందో సినిమా చరిత్రకారులు తేల్చవలసిన విషయం. ఆ అందరూ బండిని చూసిన చూపు ఎలాంటిదన్నది ఇక్కడి ప్రశ్న.

2. తోలడం, బాడుగ: రెండు మాటల సాక్ష్యం

కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852 నాటి తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో బండిని, బాడిగను నమోదు చేశాడు. ఈ బండి అనే మాట దక్షిణాది ఇంగ్లీషువారి నోట ‘బ్యాండీ’ అయి, 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. ఎడ్లబండికీ, గుర్రపు బండికీ అప్పట్లో అదే పేరు. సైకిలు, మోటారు సైకిలు, ఆటో, కారు, లారీ వరుసగా వచ్చాక కూడా సీమ వాడుకలో అవన్నీ బండ్లే. కొత్త యంత్రానికి పాత పేరు పెట్టడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. ఇక్కడ గమనించవలసింది పేరుతోపాటు వచ్చిన క్రియ.

పాఠ్యపుస్తకాల తెలుగులో కారును నడుపుతారు. కర్నూలు, కడప పల్లెల్లో కారును ‘తోలుతారు’. తోలడం పశువులకు చెందిన క్రియ. దానికి మరో అర్థం కూడా ఉంది: చేనికి ఎరువు తోలడం, ఇంటికి మట్టి తోలడం, ఎండాకాలం ఊరికి నీళ్ళు తోలడం. అంటే తోలడంలో బండిని ముందుకు పోనివ్వడంతోపాటు బరువు చేర్చడం, పని ముగించడం కూడా ఇమిడి ఉన్నాయి. ఊరక తిరగడానికి ఈ క్రియ అంతగా నప్పదు. షికారుకు కారు కొన్నవాడిని ‘ఏం తోలుతాడు ఆ బండితో?’ అని అడిగితే, అందులో వెటకారమే వినిపిస్తుంది.

రెండో మాట బాడుగ. కోస్తాలో అద్దె, తెలంగాణలో కిరాయి అన్నచోట సీమలో బాడుగ అంటారు. ఇంటికీ ఇదే మాట, ఎద్దులకూ ఇదే మాట, కారుకూ ఇదే మాట. వానలు తప్పినప్పుడు చేను పండకపోయినా బండి బాడుగకు పోతుంది. కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలను 1876–78 నాటి కరవు పీల్చిపిప్పి చేసినప్పుడు, రైలు స్టేషనుదాకా వచ్చిన గింజలను లోపలి ఊళ్ళకు చేర్చడానికి ఎడ్లు కూడా బక్కచిక్కి చచ్చాయి. ఎద్దులూ బండీ మిగిలిన ఇంటికీ, మిగలని ఇంటికీ తేడా ఏమిటో ఈ నేలకు తెలుసు. కారును సంపాదించి పెట్టే ఆస్తిగా చూసే దృష్టి ఈ అనుభవానికి కొనసాగింపుగా కనిపిస్తుంది.

ఎద్దును ఎంచే పద్ధతిని దీనితో కలిపి చూడాలి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో సాగే పశువుల సంతలో కొనుగోలుదారు మొదట నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండుపళ్ళదా, నాలుగుపళ్ళదా, ఆరుపళ్ళదా అన్నది వయసు లెక్క. ఆ తరువాత ఒంటిమీది సుడులు, గిట్టలు, నడక, కాడి కిందికి మెడ వంచే తీరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని దళారి ధర నడుపుతాడు. పాత కారును కొనేవాడు కూడా దాదాపు ఇదే వరుసలో పోతాడు. తయారైన సంవత్సరం పళ్ళ లెక్క, బ్యానెట్ కింది శబ్దం ఊపిరి లెక్క, టైర్ల అరుగుదల గిట్టల లెక్క. సుడులకు బదులు నంబరు పలకలోని అంకెలు కూడి చూస్తారు. దళారి స్థానంలో మెకానిక్కు వెంట వస్తాడు. ఇరుసుకు పూసిన కందెన పేరే ఇంజను నూనెకూ అన్వయించింది.

3. కోటా కాలం: బండి ఎవరిది?

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాల్లో కార్యాలయాలు నడిచిన ఆ మూడేళ్ళలో ప్రభుత్వ జీపులూ కార్లూ పట్టణానికి అలవాటు కాసాగాయి. అయితే చూడటం వేరు, కొనడం వేరు. స్వాతంత్ర్యానంతర మూడు దశాబ్దాల్లో సాధారణ కుటుంబానికి కొత్త కారు కొనే అవకాశం చాలా తక్కువ. బెంగాల్లోని ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ – ఈ మూడే దాదాపు మొత్తం బజారు. 1959 నాటి మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వుతో ఎవరికి ముందు బండి దక్కాలన్నది ప్రభుత్వ నియమాల్లోకి వెళ్ళింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండేవారు.

ఇలాంటి కాలంలో ఏ కారు మంచిది అన్న చర్చకు అర్థం తక్కువ. దొరికిందే మంచిది. అందువల్ల వాహనదారుల అభిప్రాయాలు కొనుగోలు దగ్గరకాక, ఉంచుకోవడం దగ్గర రూపొందాయి. అంబాసిడర్‌కు వెనకవైపు కమాను కట్టలు ఉండటం, నేలకు ఎత్తుగా ఉండటం, వెనక సీటులో నలుగురు ఇరుక్కొని కూర్చోగలగడం, ఏ ఊళ్ళోనైనా విప్పి బిగించగల మెకానిక్కు దొరకడం దాని గుణాలు. ఫియట్ తేలిక, తాగే పెట్రోలు తక్కువ, కానీ బండి నిండా మనుషులు ఎక్కితే దిగులు. పట్టణాల్లో డాక్టర్లు, వకీళ్ళు ఫియట్‌ను ఇష్టపడితే, ఆదోని పత్తి వ్యాపారికీ ప్రొద్దుటూరు బంగారు వ్యాపారికీ కావలసింది అంబాసిడరే.

వీటన్నిటికంటే ఎండ పెద్ద పరీక్ష. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటడం ఏటా జరిగేదే. పెట్రోలు పంపులో ఆవిరి చేరి బండి దారిలో నిలిచిపోతే, దానిమీద తడిగుడ్డ కప్పి కొంతసేపు చెట్టునీడన ఆగడం ఆనాటి డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమల కనుమ, ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే దారి, కడప–రాయచోటి మధ్య గువ్వలచెరువు కనుమ ఎక్కవలసి వచ్చినప్పుడు వెనక పెట్టెలో నీళ్ళ డబ్బా లేకుండా బయలుదేరేవారు కారు. ఒక బండి ‘కనుమ ఎక్కుతుందా’ అన్నది అప్పటి ఎంపికలో మొదటి ప్రశ్న. ఈ ప్రశ్న మైదాన ప్రాంతపు కొనుగోలుదారుకు తోచదు.

4. బస్సు మార్గాలు, ఒక తీర్పు, జీపు రాక

కర్నూలు జిల్లాలో మోటారు వాహనం రాష్ట్ర రాజకీయాలనే కదిలించిన సందర్భం ఒకటి ఉంది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఒక్కొక్క ప్రాంతంలో ప్రైవేటు బస్సు మార్గాలను జాతీయం చేస్తూ వచ్చింది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగపు మార్గాల వంతు వచ్చినప్పుడు, రాజకీయ కక్షతోనే తమ ప్రాంతాన్ని ముందుకు లాగారని ఆపరేటర్లు కోర్టుకు వెళ్ళారు. సి.ఎస్. రౌజీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే ఆ వ్యాజ్యంలో 1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముఖ్యమంత్రి మీద చేసిన ఆరోపణలకు ఆయన నుంచి ప్రమాణపత్రం రూపంలో జవాబు రాలేదని గుర్తించి, పథకాన్ని కొట్టివేసింది. మరుసటి నెలలో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

పాలనా న్యాయశాస్త్రంలో ఈ తీర్పును దురుద్దేశ నిరూపణకు సంబంధించిన ప్రమాణంగా చదువుతారు. వాహన చరిత్రలో దాని ప్రాముఖ్యం వేరు. బండికంటే మార్గపు పర్మిట్ విలువైన ఆస్తి అన్న వాస్తవాన్ని అది బయటపెట్టింది. బస్సు మార్గాలు క్రమంగా సంస్థ చేతికి పోయాక, చిన్న పెట్టుబడిదారుకు మిగిలింది బస్సు పోని దారి. ఆ దారికి తగిన బండి జీపు.

రెండో ప్రపంచయుద్ధపు మిగులు జీపులు, ఆ తరువాత మహీంద్రా సంస్థ బొంబాయిలో బిగించిన విల్లీస్ జీపులు ముందుగా ప్రభుత్వ శాఖలకూ పెద్దరైతులకూ చేరాయి. డీజిల్ ఇంజనుతో పొడవాటి జీపులు వచ్చాకనే అవి నిజంగా జనం బండ్లయ్యాయి. వెనక నిచ్చెన పట్టుకొని నిలబడిన మనుషులతో, పైన మూటలతో, మండల కేంద్రానికీ పల్లెకూ మధ్య తిరిగే జీపు 1980ల తరువాతి సీమ జీవితంలో విడదీయరాని భాగం. రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకు పూర్వం రాత్రివేళ పాము కరిచినా, కాన్పు అడ్డం తిరిగినా తలుపు తట్టేది జీపు యజమాని ఇంటినే. కర్నూలు పెద్దాసుపత్రికి సీమ జిల్లాల నుంచే కాక మహబూబ్‌నగర్, రాయచూరు, బళ్ళారి వైపు నుంచీ రోగులు వచ్చేవారు. ఆ ప్రయాణాల్లో ఎక్కువ భాగం బాడుగ జీపుల మీదనే సాగింది. బాడుగ డబ్బు ఆ రాత్రికి అడగలేని స్థితి, ఆ తరువాత అడిగితే వచ్చే మాట – ఇవి కూడా బండి యాజమాన్యంలో భాగాలే. కొన్ని కుటుంబాలు జీపు అమ్మేసుకోవడానికి ఇంజను కారణం కాదు, ఈ మొహమాటం కారణం.

చట్టం దృష్టిలో ఈ వ్యవస్థ అంతా ఒక సన్నని గీత మీద నడిచింది. సొంత వాడకానికి తెల్లపలక, బాడుగకు పసుపుపలక. పసుపుపలకకు పన్ను, పర్మిట్, ఏటేటా యోగ్యతా పరీక్ష. అందుచేత తెల్లపలక బండినే బాడుగకు తోలడం విస్తారంగా సాగింది. తీరా ప్రమాదం జరిగితే, సొంత వాడకానికి తీసుకున్న బీమా ఉన్న బండిలో బాడుగకు మనుషులను ఎక్కించారన్న కారణంతో బీమా సంస్థ చెల్లింపును నిరాకరించగలదు. ఒక్క ప్రమాదంతో బండీ పోయి, నష్టపరిహారపు భారమూ మీదపడి, చేను అమ్ముకోవలసి వచ్చే పరిస్థితి ఇందులో ఉంది. ‘ఏ పలక బండి కొనాలి’ అన్న ప్రశ్నకు ‘ఏ కంపెనీ బండి’ అన్న ప్రశ్నకంటే ఎక్కువ బరువు ఉండటానికి ఇదే కారణం.

5. మారుతి, సుమో

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దేశమంతటా మధ్యతరగతి కారు కథ దీనితోనే మొదలవుతుంది. సీమ పట్టణాల్లోనూ అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు దాన్ని కొన్నారు. పల్లె మాత్రం దాన్ని చాలాకాలం బండిగా ఒప్పుకోలేదు. రేకు పలచన, నేలకు దగ్గర, పెట్రోలు మీద నడక, నలుగురు ఎక్కితే సరి. బాడుగకు పనికిరాదు. దశాబ్దం తరువాత సుమో వచ్చినప్పుడు మాత్రం ఆ సందేహాలు లేవు. జీపు చేసే పనినే తలుపులూ పైకప్పూ ఉన్న గదిలో చేయడం దాని ఆకర్షణ. 2000లో బొలెరో, అదే ఏడాది క్వాలిస్, 2002లో స్కార్పియో, 2005లో ఇన్నోవా – ఈ వరుసలో ఏది చూసినా ఎక్కువమంది పట్టడం, డీజిల్ వాడకం, బరువు మోయడం అన్న మూడు లక్షణాలు ఉమ్మడిగా ఉన్నాయి. సినిమా ఈ వరుసలో హోదాను మాత్రమే చూసింది. హోదా లేదనలేము. తెల్ల స్కార్పియో ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలో అది ఉంది. కానీ ఫోటో తరువాత బండి తిరుపతికి బాడుగకు పోయింది.

6. కువైట్ డ్రైవరు తీర్పు

కడప జిల్లా వాహన చరిత్రలో కువైట్‌కు ప్రత్యేక స్థానం ఉంది. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు వలస సాగుతోంది. ఆడవారు ఇంటిపనికి, మగవారిలో చాలామంది ఇంటి డ్రైవర్లుగా వెళ్ళారు. 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు అక్కడి నుంచి విమానాల్లో తరలివచ్చిన సుమారు 1,70,000 మంది భారతీయుల్లో వీరూ ఉన్నారు. పరిస్థితులు చక్కబడ్డాక మళ్ళీ వెళ్ళారు.

ఈ డ్రైవరు రోడ్డుకు కుడివైపున, ఎడమ స్టీరింగుతో, గేర్లు తామే మారే భారీ అమెరికన్, జపాన్ బండ్లను తోలినవాడు. కడప జిల్లాలో అప్పటికి ఎవరూ ఎరగని సౌకర్యాలు అతనికి రోజువారీ విషయాలు. అటువంటివాడు ఇంటికి వచ్చి ఏ బండి కొన్నాడు? ఆర్జించిన సొమ్ముతో ముందు ఇల్లు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు. మిగిలితే బాడుగకు తోలడానికి ఒక పాత సుమో, వీలైతే ఇన్నోవా. అక్కడ తోలిన బండి పరాయిది, ఇక్కడ కొన్నది తనది అన్న భేదం అతని ఎంపికలో స్పష్టం. గొప్ప బండిని లోపలి నుంచి తెలిసినవాడే గొప్ప బండికి అందరికన్నా తక్కువ లొంగాడు. విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్ళకు వస్తుంది, ఎవరు బిగిస్తారు అని అడిగే అలవాటు అతనిది. ఊరిలో కారు కొనేవారు అతని మాటకు విలువ ఇవ్వడానికి కారణం కూడా ఇదే. వాహన పరిజ్ఞానం ధనికుల నుంచి పేదలకు దిగివస్తుందనే అభిప్రాయం ఇక్కడ పొసగదు.

7. పాత బండి బేరం

ఈ ప్రాంతంలో మొదటి కారు చాలా కుటుంబాలకు పాత కారే. అందుకే ఇక్కడి అభిప్రాయాల సారమంతా పాత బండి బేరంలో బయటపడుతుంది. ఒకే యజమాని చేతిలో ఉన్న బండి, డాక్టరు వాడిన బండి అంటే ధర పెరుగుతుంది. డాక్టరు తక్కువ దూరాలు తిరుగుతాడని, సమయానికి నూనె మార్పిస్తాడని నమ్మకం. మీటరు వెనక్కు తిప్పారా, రంగు మళ్ళీ కొట్టారా, అప్పు తీరినట్టు ఫైనాన్సు సంస్థ పత్రం ఉందా అన్నవి తరువాతి ప్రశ్నలు. చివరిది చాలా ముఖ్యం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో బండి కొన్నాక, పాత యజమాని కట్టని వాయిదాలకు దాన్ని ఎవరో వచ్చి పట్టుకుపోతే, కొన్నవాడికి మిగిలేది వడ్డీ.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు ముంచెత్తిన కర్నూలు నగరంలో ఇళ్ళతోపాటు వాహనాలూ బురదలో కూరుకుపోయాయి. వరదనీరు చేరిన బండిని కడిగి, మెరుగుపెట్టి అమ్మడం కష్టం కాదు. సీటు కింది బోల్టులకు తుప్పు, తివాచీ అడుగున సన్నని ఒండ్రు, తడి ఆరని వాసన – వీటిని పసిగట్టడం కొనుగోలుదారు నేర్చుకోవలసిన కొత్త పరీక్ష అయింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళమీద పడినప్పుడు రాజంపేట వైపు కూడా ఈ జాగ్రత్త అవసరమైంది. కరవుసీమలో పాత బండికి నీటిగండం ఉందా అని చూడవలసి రావడం ఒక వైచిత్రి.

నంబరు పలక ఈ బేరంలో ఒక చిరునామా వంటిది. 1988 మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చాక కడపకు ఏపీ 04, కర్నూలుకు ఏపీ 21 సంకేతాలు వచ్చాయి. ఏపీ 04 బండి కర్నూలులో అమ్మకానికి కనిపిస్తే, అది ఎవరిది, ఏ వివాదంలో ఉంది అని విచారించడం కొనేవారికి అలవాటు. హైదరాబాదు బండి అయితే నగరపు రద్దీలో క్లచ్ అరిగి ఉంటుందని అనుమానం. 2019 జనవరి చివరలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస ప్రవేశపెట్టారు. పరిపాలనకు అది సులువు. కొనేవాడి చేతిలోనుంచి మాత్రం ఒక ఆధారం జారిపోయింది. కుటుంబానికి అచ్చివచ్చిన అంకెల కోసం వేలంలో పాడటం మానలేదు. జిల్లా పేరు పోయినా సుడి లెక్క మిగిలింది.

8. డీజిల్ తరువాత

ఈ ప్రాంతపు కారు తర్కానికి ఆధారం డీజిల్ చౌక. ఆ ఆధారం మెల్లగా కదిలింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రెండింటి మధ్య అంతరం తగ్గుతూ వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 ప్రమాణాలు అమలైనప్పుడు, దేశంలో అత్యధికంగా కార్లు అమ్మే మారుతి సంస్థ డీజిల్ కార్ల తయారీనే ఆపేసింది. అంతకు ముందు ఏడాది సుమో తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ 2014లోనే వెళ్ళిపోయింది.

అదే కాలంలో, 2019లో, పొరుగునున్న అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కియా కర్మాగారం నుంచి కార్లు రావడం మొదలైంది. ఎర్రనేలలో వేరుశనగ పండించిన ఊళ్ళ పక్కన కారు తయారవడం సీమకు కొత్త అనుభవం. ‘మన కారు’ అన్న మమకారం కర్నూలు, కడప ప్రాంతాల్లోనూ వినిపిస్తుంది. ఆ మమకారం కొనుగోలుగా మారేచోట మాత్రం పాత ప్రశ్నలే ఎదురవుతున్నాయి: ఏసీ మే నెల ఎండకు సరిపోతుందా, రాయచోటి కనుమలో ఏడుగురితో ఎక్కుతుందా, విడిభాగం నంద్యాలలో దొరుకుతుందా, ఐదేళ్ళ తరువాత అమ్మితే ఎంత వస్తుంది, ఈలోగా బాడుగకు పోతుందా? విద్యుత్ కారు విషయంలోనూ ఇదే వరుస. అక్కడ కనుమ ప్రశ్నకు మరొకటి తోడైంది – శ్రీశైలం దారిలో అడవి మధ్య బ్యాటరీ అయిపోతే తడిగుడ్డ కప్పి ఆగితే సరిపోదు కదా అని.